కుక్కకు బీమా: మొదటి ఏడాది ప్రీమియం కన్నా ఎనిమిదో ఏట పాలసీ ముఖ్యం

కుక్కకు బీమా తీసుకోదలచినవారు చాలామంది మూడు నాలుగు కంపెనీల ప్రీమియంలను పక్కపక్కన రాసుకొని, వాటిలో చవకైనదానినో, దానికి కాస్త పైనున్నదానినో ఎంచుకుంటారు. నేను మొదటిసారి తీసుకున్నదీ అలాగే. మా ల్యాబ్రడార్ రెండో ఏట ఒకసారి కుడి వెనుక కాలు కుంటింది. వారం తిరగకముందే తగ్గిపోయింది. వైద్యుడు ఆ సంగతిని తన రికార్డులో ఒక్క వాక్యంలో రాసుకున్నారు. కొన్ని నెలల తరువాత పాలసీ తీసుకున్నాను. ఐదో ఏట దాని ఎడమ మోకాలి లిగమెంటు తెగి శస్త్రచికిత్స అవసరమైంది. కుడి కాలికి పాలసీకి ముందే లక్షణం కనిపించింది కనుక ఎడమ కాలికి వచ్చినది కూడా పాత జబ్బు కిందికే వస్తుందని చెప్పి కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించింది. ఆ నిబంధన పాలసీ పత్రంలో స్పష్టంగానే ఉంది. నేను ప్రీమియం ఎంతో చూశాను గాని ఆ పేజీ చదవలేదు.

ఆ తరువాత అనేక పాలసీ పత్రాలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివాను. వాటిని పోల్చేటప్పుడు నేనిప్పుడు అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటే: కుక్కకు మూడో ఏట మొదలైన జబ్బుకు, అది ఎనిమిదో ఏట కూడా కొనసాగుతూ ఉంటే, ఈ పాలసీ అప్పుడూ డబ్బు ఇస్తుందా? మిగిలిన పోలికలన్నీ ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే.

రక్షణలో రకాలు

పేర్లు దేశాన్ని బట్టి, కంపెనీని బట్టి మారుతాయి గాని, కుక్కల బీమాలో ప్రధానంగా కనిపించేవి నాలుగు రకాలు. మొదటిది ప్రమాదాలకు మాత్రమే వర్తించేది. ఎముక విరగడం, వాహనం తగలడం, మింగకూడని వస్తువు మింగడం, విషపదార్థం తినడం వంటివి ఇందులోకి వస్తాయి, జబ్బులు రావు. రెండవది కాలపరిమితి పాలసీ. ఇందులో జబ్బులకూ చెల్లిస్తారు గాని, ఒక జబ్బు మొదట కనిపించిన రోజు నుంచి సాధారణంగా 12 నెలల వరకే. ఆ గడువు దాటితే ఆ జబ్బు మళ్ళీ ఎప్పటికీ రక్షణలోకి రాదు. మూడవది ఒక్కొక్క జబ్బుకు ఇంత మొత్తమని పరిమితి పెట్టేది. దీనికి కాలంతో పని లేదు. ఆ మొత్తం అయిపోయేదాకా ఇస్తారు, అయిపోతే ఆ జబ్బుకు అంతటితో సరి. నాలుగవది జీవితకాల పాలసీ. ఇందులో ఏడాదికి ఒక పరిమితి ఉంటుంది, ప్రతి రెన్యువల్‌తో ఆ పరిమితి మళ్ళీ నిండుతుంది, కాబట్టి పాత జబ్బుకు కొత్త ఏడాదిలో కూడా డబ్బు అందుతుంది.

వీటి మధ్య తేడా జబ్బు స్వభావాన్ని బట్టి బయటపడుతుంది. కుక్క బంతి మింగి అది పేగులో అడ్డుపడితే శస్త్రచికిత్స చేసి తీస్తారు, రెండు మూడు వారాల్లో కథ ముగుస్తుంది. ఈ సందర్భంలో నాలుగు పాలసీలూ దాదాపు ఒక్కలాగే పనిచేస్తాయి. అదే కుక్కకు అలర్జీ వల్ల చర్మవ్యాధి వస్తే అది సాధారణంగా మూడేళ్ళలోపు వయసులోనే మొదలై బతికినంత కాలం ఉంటుంది. మందులు, పరీక్షలు, చెవుల ఇన్‌ఫెక్షన్లు ఏటేటా వస్తూనే ఉంటాయి. మధుమేహం వచ్చిన కుక్కకు రోజూ ఇన్సులిన్ ఇవ్వాలి. మూర్ఛ, గుండె కవాట వ్యాధి, థైరాయిడ్ లోపం, కీళ్ళ అరుగుదల కూడా ఈ కోవలోవే. వీటిలో ఏది వచ్చినా కాలపరిమితి పాలసీ మొదటి ఏడాది ఆదుకొని, ఖర్చు స్థిరపడే రెండో ఏడాది నుంచి తప్పుకుంటుంది. అందువల్ల డబ్బు సర్దుబాటు కాగలిగితే జీవితకాల పాలసీయే తీసుకోవాలని, కాకపోతే ప్రమాదాలకు మాత్రమే పరిమితమైన చవక పాలసీ తీసుకొని మిగిలిన డబ్బును విడిగా దాచుకోవాలని నా అభిప్రాయం. మధ్యలో ఉన్న రెండు రకాలూ ధర చూస్తే ఊరించేవే గాని, అవసరం ఎక్కువైన సమయంలోనే అవి ముగిసిపోతాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. జీవితకాల పాలసీ అన్నంత మాత్రాన ప్రీమియం జీవితకాలం ఒకేలా ఉంటుందని కాదు. ఒక్కరోజు కూడా గడువు తప్పకుండా రెన్యువల్ చేస్తూ పోతేనే ఆ మాటకు విలువ. ఒకసారి తప్పితే, అప్పటిదాకా వచ్చిన జబ్బులన్నీ కొత్త పాలసీ దృష్టిలో పాత జబ్బులైపోతాయి.

ప్రీమియం ఎందుకు అంత తేడాగా ఉంటుంది

ప్రీమియాన్ని నిర్ణయించేవాటిలో ముందు నిలిచేవి జాతి, వయసు, మీరుండే చోట పశువైద్యం ఖరీదు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసమార్గం ఇరుకు కావడం వల్ల శస్త్రచికిత్సల అవసరం ఎక్కువ. డాక్స్‌హుండ్‌కు వెన్నెముక డిస్కులు జారడం, జర్మన్ షెపర్డ్‌కు, ల్యాబ్రడార్‌కు తుంటి కీలు సరిగా ఏర్పడకపోవడం, డోబర్మన్‌కు గుండె కండరం బలహీనపడటం, కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌కు గుండె కవాటం దెబ్బతినడం, గోల్డెన్ రిట్రీవర్‌కు, బాక్సర్‌కు క్యాన్సర్లు, గ్రేట్ డేన్‌కు పొట్ట ఉబ్బి మెలిపడటం బాగా తెలిసిన బలహీనతలు. కంపెనీలు తమ లెక్కలలో వీటన్నిటినీ చేర్చుకుంటాయి. సంకరజాతి కుక్కకు సాధారణంగా ప్రీమియం తక్కువ పడుతుంది.

మీ కుక్క జాతికి ఏ జబ్బు ఎక్కువగా వస్తుందో తెలుసుకొని, ఆ జబ్బు పేరు పాలసీ మినహాయింపులలో ఉందేమో వెతకడం పోలికలో తప్పనిసరి పని. వంశపారంపర్యంగా వచ్చేవాటినీ, పుట్టుకతో వచ్చేవాటినీ పూర్తిగా మినహాయించే పాలసీలు ఉన్నాయి. తుంటి కీలు జబ్బుకు రక్షణ లేని పాలసీని జర్మన్ షెపర్డ్‌కు కొనడమంటే ఆ కుక్కకు రాగల పెద్ద ఖర్చులలో ఒకదాన్ని బీమా బయటే వదిలేసి ప్రీమియం కట్టడమే.

సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన కుక్కకు కొన్ని కంపెనీలు ప్రీమియం కొంత తగ్గిస్తాయి. దీని వెనుక బలమైన కారణమే ఉంది. ఆ శస్త్రచికిత్స మామూలుగా చేయించని స్వీడన్‌లో, బీమా రికార్డులను బట్టి చూస్తే, ఆడకుక్కలలో ఇంచుమించు నాలుగో వంతుకు పదేళ్ళ వయసులోపు గర్భాశయంలో చీము చేరే జబ్బు వచ్చింది. అది అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే, ఆలస్యమైతే ప్రాణం తీసే జబ్బు.

మీ చేతి నుంచి ఎంత, కంపెనీ నుంచి ఎంత

ప్రీమియం తక్కువగా కనిపించే పాలసీలో ఆ తగ్గింపు ఎక్కడి నుంచో వచ్చి ఉంటుంది. ఎక్కువగా అది డిడక్టబుల్, కో-పే, పరిమితి అనే మూడు చోట్ల దాగి ఉంటుంది. డిడక్టబుల్ అంటే కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేలోపు మీరు భరించే మొత్తం. కో-పే అంటే బిల్లులో మీ వాటా శాతం. పరిమితి అంటే కంపెనీ ఇవ్వగల గరిష్ఠం. ఈ మూడూ తెలిసినా సరిపోదు. వాటిని ఏ వరుసలో లెక్కిస్తారో కూడా తెలియాలి.

బిల్లు 1,000, డిడక్టబుల్ 200, మీ వాటా 20 శాతం అనుకుందాం. ముందు డిడక్టబుల్ తీసేసి ఆ తరువాత శాతం లెక్కించే కంపెనీ 800లో 80 శాతం, అంటే 640 ఇస్తుంది. ముందు శాతం లెక్కించి ఆ తరువాత డిడక్టబుల్ తీసే కంపెనీ 800 నుంచి 200 తగ్గించి 600 ఇస్తుంది. అంకెలన్నీ ఒక్కటే అయినా ఈ బిల్లులో 40 తేడా. పాలసీ పత్రంలో ఈ వరుస ఒక చిన్న వాక్యంగా మాత్రమే ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద తేడా, డిడక్టబుల్ ఏడాదికి ఒకసారి తీసుకుంటారా, జబ్బు జబ్బుకూ తీసుకుంటారా అన్న చోట ఉంది. ఒకే ఏడాదిలో కుక్కకు చెవి నొప్పి, పాదానికి గాయం, పొట్ట జబ్బు వచ్చి ఒక్కొక్క దానికి 300 అయ్యిందనుకోండి. డిడక్టబుల్ 250, మీ వాటా 20 శాతం. జబ్బు వారీ డిడక్టబుల్ అయితే ఒక్కో బిల్లులో మిగిలేది 50 మాత్రమే. మూడూ కలిపి కంపెనీ నుంచి మీకు వచ్చేది 120. ఏడాది వారీ డిడక్టబుల్ అయితే మొత్తం 900లో 250 పోగా 650, దానిలో 80 శాతం 520. అయితే దీనిని చూసి ఏడాది వారీదే ఎప్పుడూ మేలని అనుకోవడానికి లేదు. కొన్ని పాలసీలలో జబ్బు వారీ డిడక్టబుల్‌ను ఆ జబ్బుకు జీవితంలో ఒక్కసారే తీసుకుంటారు. చర్మవ్యాధి ఆరేళ్ళు సాగితే అటువంటి పాలసీలో మీరు కట్టే డిడక్టబుల్ మొత్తం 250. ఏడాది వారీ పాలసీలో 1,500. చిన్న చిన్న జబ్బులు తరచుగా వచ్చే కుక్కకు ఏడాది వారీది, ఒకే దీర్ఘవ్యాధి వచ్చే అవకాశం ఎక్కువున్న జాతికి జీవితంలో ఒకసారి తీసుకునే జబ్బు వారీది అనుకూలం.

కో-పే వయసుతో మారే పాలసీలు ఉన్నాయి. కుక్కకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో దాటగానే డిడక్టబుల్‌తో పాటు బిల్లులో పదో వంతో ఐదో వంతో మీరే భరించాలని ఆ పత్రంలో ముందే రాసి ఉంటుంది. పెద్ద బిల్లులు వచ్చేది ఆ వయసులోనే కనుక, ఈ ఒక్క వాక్యం కోసమైనా పత్రమంతా వెతకాలి.

నా సలహా ఇది: డిడక్టబుల్‌ను మీరు ఇబ్బంది లేకుండా చేతి నుంచి పెట్టుకోగలిగినంత ఎక్కువగా పెట్టుకోండి, అలా తగ్గిన ప్రీమియాన్ని పెద్ద వార్షిక పరిమితి కోసం ఖర్చు చేయండి. చిన్న బిల్లు ఎవరినీ దివాళా తీయించదు. వెన్నెముక శస్త్రచికిత్సో, క్యాన్సర్ చికిత్సో వచ్చినప్పుడు పరిమితి సగంలో ఆగిపోతే, మిగతా సగం లేక చికిత్స మానుకోవలసిన పరిస్థితి వస్తుంది. బీమా అవసరం ఆ రోజు కోసమే.

టీకాలు, పురుగుల మందు, ఏటేటా పరీక్షల కోసం అదనపు డబ్బుతో అమ్మే ఆరోగ్య ప్యాకేజీలను విడిగా లెక్క వేసుకోండి. అవి ఊహించని ఖర్చులు కావు కనుక, ఇచ్చేదెంతో వచ్చేదెంతో కూడిక తీసివేతలతో తేలిపోతుంది. చాలాసార్లు రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి.

పాత జబ్బు అన్న మాటకు అర్థం

తిరస్కరణలకు మూలంగా ఉండేవాటిలో ఇది ముఖ్యమైనది. పాత జబ్బు అంటే పాలసీకి ముందు వైద్యుడు పేరు పెట్టి నిర్ధారించిన జబ్బు అని మనం అనుకుంటాం. పాలసీ పత్రాల దృష్టిలో అలా కాదు. నిర్ధారణ జరగకపోయినా లక్షణం కనిపిస్తే చాలు. “కొద్ది రోజులుగా చెవి గీరుకుంటోంది” అని రికార్డులో ఉన్న ఒక్క వాక్యం, రెండేళ్ళ తరువాత అలర్జీ క్లెయిమ్‌కు అడ్డుపడవచ్చు. పైగా చాలా కంపెనీలు కుక్క వైద్య రికార్డును పాలసీ అమ్మేటప్పుడు అడగవు, మొదటి క్లెయిమ్ వచ్చినప్పుడు అడుగుతాయి. అంటే ఏది రక్షణలో ఉందో ఏది లేదో తెలిసేసరికి మీరు ఎంతో కాలం ప్రీమియం కట్టి ఉంటారు. కొన్ని కంపెనీలు కోరితే ముందుగానే రికార్డు పరిశీలించి, ఏవి మినహాయిస్తాయో రాతపూర్వకంగా చెబుతాయి. ఆ సౌకర్యం ఉన్న కంపెనీకి నేను ప్రీమియం కొంచెం ఎక్కువైనా మొగ్గు చూపుతాను.

రెండు వైపులా ఉండే అవయవాల గురించిన నిబంధన గురించి మొదట్లోనే చెప్పాను. ఒక మోకాలికి పాలసీకి ముందు లక్షణం కనిపిస్తే రెండో మోకాలిని కూడా మినహాయించడమే అది. తుంటి కీళ్ళు, కళ్ళు, చెవులకు కూడా దీనిని వర్తింపజేసే పాలసీలు ఉన్నాయి. దీనికి వైద్యపరమైన ఆధారం లేకపోలేదు. ఒక మోకాలి లిగమెంటు తెగిన కుక్కలలో ఇంచుమించు సగం వాటికి రెండోదీ తెగుతుంది. కాబట్టి కంపెనీ ఆ ప్రమాదాన్ని తప్పించుకోవాలని చూస్తుంది, మీరేమో ఆ నిబంధన లేని పాలసీని వెతుక్కోవాలి.

పాత జబ్బులన్నిటినీ ఒకే గాటన కట్టని కంపెనీలు కూడా ఉన్నాయి. మూత్రాశయ ఇన్‌ఫెక్షన్, విరేచనాల వంటివి పూర్తిగా నయమై, 6 లేదా 12 నెలల పాటు మళ్ళీ లక్షణం కనిపించకపోతే, వాటిని తిరిగి రక్షణలోకి తీసుకుంటాయి. వయసు పైబడిన కుక్కకు బీమా తీసుకునేవారికి ఇది ప్రీమియం కన్నా విలువైన సంగతి.

నిరీక్షణ కాలం కూడా పోల్చుకోవాలి. జబ్బులకు 14 రోజులు సాధారణం. మోకాలి లిగమెంటుకు విడిగా ఆరు నెలలు పెట్టే కంపెనీలు ఉన్నాయి. అమెరికా రాష్ట్రాల బీమా నియంత్రణాధికారుల సంఘం 2022లో ఆమోదించిన నమూనా చట్టం (రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకోవడానికి ఇచ్చే ముసాయిదా) ఈ విషయంలో మంచి కొలబద్ద: జబ్బులకూ, ప్రమాదం వల్ల కాని కీళ్ళ సమస్యలకూ నిరీక్షణ 30 రోజులు దాటరాదు, ప్రమాదాలకు నిరీక్షణే ఉండరాదు, పాత జబ్బు అని చెప్పి తిరస్కరిస్తే దానిని రుజువు చేయవలసిన భారం కంపెనీదే. మీరుండే దేశంలో ఇటువంటి చట్టం ఉన్నా లేకపోయినా, మీ చేతిలో ఉన్న పాలసీ ఈ గీతకు ఎంత దూరంలో ఉందో చూసుకోవచ్చు.

పదేళ్ళ లెక్క

మొదటి ఏడాది ప్రీమియం 100 అనుకుందాం. ఏటా 10 శాతం చొప్పున పెరిగితే ఎనిమిదేళ్ళ తరువాత అది 214 అవుతుంది. 15 శాతం చొప్పున పెరిగితే 306. పదేళ్ళలో కట్టే మొత్తం మొదటి లెక్కలో ఇంచుమించు 1,594, రెండో లెక్కలో 2,030. కుక్కకు వయసు పెరగడం ఒక కారణం, పశువైద్యం ఖరీదు పెరగడం మరో కారణం; ఈ రెండూ కలిసి వస్తాయి కనుక ఇటువంటి పెరుగుదల అసాధారణమేమీ కాదు. కాబట్టి కంపెనీని అడగవలసింది నేటి ధర ఒక్కటే కాదు. అదే జాతి, అదే చిరునామాతో ఎనిమిదేళ్ళ కుక్కకు ధర ఎంతో ఈ రోజే అడిగి చూడండి. ధర చూపే ఫారంలో పుట్టిన సంవత్సరం మార్చి చూస్తే చాలు, ఆ కంపెనీ ముసలి కుక్కను ఎలా చూస్తుందో ఒక అంచనా వస్తుంది. కొత్త చేరికలకు వయసు పరిమితి ఉన్న చోట ఇది కుదరదు. అప్పుడు రెన్యువల్ ధరల గురించి రాసి అడగాలి. క్లెయిమ్ చేసినందుకు మీ ఒక్కరి ప్రీమియం పెంచుతారా అన్నది కూడా అదే ఉత్తరంలో అడగవచ్చు.

వాహన బీమాలో ధర పెరిగితే కంపెనీ మారుస్తాం. కుక్క బీమాలో ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. మధుమేహం ఉన్న ఏడేళ్ళ కుక్కను కొత్త కంపెనీకి తీసుకువెళితే, ఆ మధుమేహం అక్కడ పాత జబ్బు. అందుకే మొదటి ఎంపికకు ఇంత శ్రద్ధ అవసరమంటున్నాను. కుక్కపిల్ల ఇంటికి వచ్చిన మొదటి వారాల్లోనే, రికార్డులో ఏ లక్షణమూ నమోదు కాకముందే పాలసీ తీసుకోవాలనడానికి కారణమూ ఇదే.

కంపెనీని ఎంచుకునేటప్పుడు

పాలసీ మీద కనిపించే పేరు వేరు, నిజంగా నష్టాన్ని భరించే బీమా సంస్థ వేరు కావచ్చు. ఒకే సంస్థ పూచీతో అనేక పేర్ల మీద పాలసీలు అమ్ముడవుతుంటాయి. పత్రంలో ఆ సంస్థ పేరు వెతికి, అది నియంత్రణాధికారుల వద్ద నమోదైనదో కాదో చూసుకోండి. ఆ సంస్థ కుక్కల బీమా వ్యాపారం నుంచి తప్పుకుంటే మీ రెన్యువల్ ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి.

డబ్బు ఎవరికి వెళుతుందన్నది మరో ముఖ్యమైన తేడా. కొన్ని కంపెనీలు ఆసుపత్రికే నేరుగా చెల్లిస్తాయి. ఎక్కువ కంపెనీలు ముందు మీరు కట్టి, తరువాత వారి నుంచి తీసుకోమంటాయి. పొట్ట మెలిపడిన కుక్కకు గంటల్లో శస్త్రచికిత్స చేయాలి. ఆ రాత్రి పెద్ద మొత్తం చేతిలో లేనివారికి రెండో పద్ధతి పాలసీ ఉన్నా లేనట్టే. మీరు వెళ్ళే పశువైద్యశాలలో బిల్లులు చూసే వ్యక్తిని అడగండి: ఏ కంపెనీ క్లెయిమ్‌లు త్వరగా తేలుతున్నాయో, ఏ కంపెనీ పదే పదే కాగితాలు అడుగుతోందో ప్రకటనలకన్నా వారికే బాగా తెలుసు.

వైద్యుడు చూసినందుకు తీసుకునే ఫీజు, పళ్ళ జబ్బులు, ఫిజియోథెరపీ, ప్రవర్తన చికిత్స, వైద్యుడు రాసిన ప్రత్యేక ఆహారం రక్షణలో ఉన్నాయో లేవో చూడండి. పళ్ళ విషయంలో ఏటేటా పరీక్ష చేయించి ఉండాలన్న షరతు తరచుగా ఉంటుంది. టీకాలు వేయించకపోతే పార్వో (కుక్కలకు వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) వంటి జబ్బులకు సాధారణంగా చెల్లించరు. కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే పరిహారానికి రక్షణ కొన్ని పాలసీలలో కలిసి ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ఇంటి బీమాలో అది ఇప్పటికే ఉంటే రెండుసార్లు కట్టనవసరం లేదు.

బీమా అసలు వద్దనుకునే దారి కూడా ఒకటుంది. ప్రతి నెలా ప్రీమియమంత మొత్తాన్ని విడి ఖాతాలో వేస్తూ పోవడం. కుక్క ఎప్పుడూ ఆరోగ్యంగా ఉంటే ఆ డబ్బు మీదే. కానీ ఏడాది కుక్కకు మోకాలి శస్త్రచికిత్స వస్తే ఖాతాలో పన్నెండు నెలల డబ్బే ఉంటుంది. ఇప్పటికే ఒక పెద్ద శస్త్రచికిత్సకు సరిపడే మొత్తం పక్కన ఉన్నవారికి, లేదా పదేళ్ళు దాటి అనేక పాత జబ్బులున్న కుక్క ఉన్నవారికి ఈ దారి నేను సూచిస్తాను. ఆ వయసులో కొత్త పాలసీ ప్రీమియం ఎక్కువ, మినహాయింపులు అంతకన్నా ఎక్కువ. కుక్కపిల్ల ఉండి, చేతిలో పెద్ద మొత్తం లేనివారికి మాత్రం డిడక్టబుల్ ఎక్కువగా, వార్షిక పరిమితి పెద్దదిగా ఉన్న జీవితకాల పాలసీయే సరైనది.

పాలసీ చేతికి వచ్చాక దానిని వెనక్కి ఇచ్చి డబ్బు తిరిగి తీసుకునే గడువు చాలాచోట్ల ఉంటుంది. పైన చెప్పిన నమూనా చట్టంలో అది 15 రోజులు. ఆ గడువులో వైద్యుడి దగ్గరి నుంచి కుక్క పూర్తి రికార్డు నకలు తెప్పించుకొని, అందులో ఉన్న ప్రతి లక్షణాన్నీ మినహాయింపుల పేజీ పక్కన పెట్టి చదవండి. పొరపాటున వేరే కుక్క వివరాలు పడినా, కుడి ఎడమలు తారుమారైనా వైద్యుడి చేత అప్పుడే దిద్దించండి. సందేహం మిగిలితే కంపెనీకి రాతపూర్వకంగా పంపి, జవాబు వచ్చేదాకా గడువు తేదీని కళ్ళెదుట పెట్టుకోండి.